ఒక్కో పనికి ఒక్క పేరు: 2028 కృష్ణా పుష్కరాల ఏర్పాట్లు చూడబోయే అధికారులకు బహిరంగ లేఖ

అయ్యా, అమ్మా,

2028లో బృహస్పతి కన్యారాశిలోకి వచ్చేసరికి కృష్ణమ్మకు పుష్కరాలు. ఆ పన్నెండు రోజులకు ఎన్ని కోట్లు, ఎన్ని ఘాట్లు, ఎన్ని లైట్లు అన్న లెక్కలు సమీక్షల్లో ఎలాగూ వస్తాయి. మేం రాస్తున్నది వాటి గురించి కాదు. ఏ పని ఎవరిది, ఎప్పటికి కావాలి, కాకపోతే ఎవరిని అడగాలి అనే జాబితా గురించి. ఘాట్ల కట్టుబడి, తాగునీరు, కరెంటు, పారిశుద్ధ్యం పనులు దగ్గరుండి చేయించేవాళ్లం కాబట్టి ఒక మాట గట్టిగా చెప్పగలం. పెద్ద జాతరల్లో పనులు సామాను లేక చెడేది తక్కువ. రెండు శాఖల నడుమ జారిపోయి చెడేదే ఎక్కువ. నీళ్ల ట్యాంకరు వస్తుంది, నిలపడానికి చోటుండదు. గేటు బిగిస్తారు, తాళం ఎవరి దగ్గరుందో అక్కడున్న కానిస్టేబుల్‌కి తెలియదు.

మొదటి విన్నపం. 2016 ఫైలు తీసి, తేదీలు మార్చి, కొత్త ఉత్తర్వుగా ఇవ్వకండి. ఆ ఫైలు తప్పకుండా చదవండి, కానీ దించుకోకండి. 2016 ఆగస్టు 12 నుంచి 23 వరకు పుష్కరాలు జరిగినప్పుడు విజయవాడ ఒడ్డు కృష్ణా జిల్లాది, అవతలి ఒడ్డు గుంటూరు జిల్లాది. ఇద్దరు కలెక్టర్లు కూర్చుంటే రెండు గట్లూ ఒక బల్ల మీదకు వచ్చేవి. 2022 ఏప్రిల్లో జిల్లాలు మారాయి. దుర్గా ఘాట్, పున్నమి ఘాట్, ఇబ్రహీంపట్నం పవిత్ర సంగమం ఇప్పుడు ఎన్టీఆర్ జిల్లాలో ఉన్నాయి. సీతానగరం గుంటూరులోనే ఉంది, అమరావతి పల్నాడుకు వెళ్లింది, హంసలదీవి కృష్ణా జిల్లాలో మిగిలింది. అప్పుడు తాడేపల్లి మున్సిపాలిటీ చేసిన పని ఇప్పుడు మంగళగిరి తాడేపల్లి నగరపాలక సంస్థ చేయాలి. అప్పుడు కరెంటు ఎస్పీడీసీఎల్ చూసింది, 2020 నుంచి ఇక్కడ సీపీడీసీఎల్. ఘాట్లకు పక్కనే పోయే కనకదుర్గ ఫ్లైఓవర్ 2020 అక్టోబరులో తెరిచారు, 2016 ట్రాఫిక్ మ్యాపులో అది లేదు. కృష్ణలంక పొడవునా రక్షణ గోడ లేచింది కాబట్టి నదిలోకి దిగే దారులన్నీ మళ్లీ టేపు పట్టి కొలవాల్సినవే. పాత ఉత్తర్వులో ఉన్న హోదాల్లో కొన్ని ఇప్పుడు వేరే జిల్లాకు చెందుతాయి. లేని హోదాకు పని అప్పగిస్తే ఆ కాగితాన్ని ఎవరూ తిప్పి పంపరు, ఎవరూ తీసుకోరు కూడా.

రెండోది, పనిని శాఖల వారీగా విడగొట్టకండి, ఘాట్ల వారీగా విడగొట్టండి. శాఖల వారీ జాబితాలో ప్రతి శాఖా తన పని నూటికి నూరు శాతం అయిందని చూపించగలదు, అయినా ఘాట్‌లో స్నానం సాగకపోవచ్చు. ఎవరికి వారే యమునా తీరే అన్నమాట. యాత్రికురాలు శాఖల్లో స్నానం చేయదు. బస్సు దిగిన దగ్గర్నుంచి మళ్లీ బస్సు ఎక్కేదాకా ఆమె నడిచే దారే అసలు ప్రాజెక్టు. దిగే చోటు, నడక దారి, నీడ, తాగునీరు, మరుగుదొడ్డి, చెప్పులు వదిలే చోటు, మెట్లు, నీళ్లు, దుస్తులు మార్చుకునే గది, పిండ ప్రదానం షెడ్డు, బయటికి దారి. ప్రతి ఘాట్‌కీ ఇలా ఒక గీత గీసి, గీత మీద ఒక్కో అడుగులో ఏం ఉండాలో రాయండి. ఆ తర్వాతే ఏది ఏ శాఖకు పోతుందో చూడండి.

ఎంత చిన్నగా విడగొట్టాలి? మా కొలత ఇది: ఒక మనిషి చూసుకోగలగాలి, రెండు వారాల్లో ముగియాలి, అయిందో లేదో కళ్లతో చూసి చెప్పగలగాలి. ఈ మూడింటిలో ఏది కుదరకపోయినా ఇంకా విడగొట్టండి.

ఉదాహరణకు బస్టాండు ఎదుట పద్మావతి ఘాట్‌లో ఆడవాళ్లు దుస్తులు మార్చుకునే గదులు. సమీక్ష నివేదికలో అది ఒక్క లైను: "గదులు 20, పూర్తయ్యాయి." దగ్గరికెళ్లి చూస్తే ఆ లైనులో పదిహేను పనులున్నాయి. నేల చదును చేసి, తడి బట్టల నుంచి కారే నీళ్లు నిలవకుండా 60 అడుగులకు ఒక అడుగు వాలు ఇవ్వాలి. జారని నేల కావాలి. గోడలు గుడ్డతో కడితే రాత్రి లోపలి దీపం వెలుగుకు మనిషి నీడ బయటికి కనిపిస్తుంది, అందుకే రేకులే వాడాలి. ఎత్తు ఏడడుగులకు తగ్గకూడదు. కింద సందు నాలుగు అంగుళాలు మించకూడదు, అసలు లేకపోతే కడిగిన నీళ్లు పోవు. పైకప్పు మూసి ఉండాలి, ఎందుకంటే పక్కన మెట్ల మీద ఫోన్ పట్టుకుని నిలబడే వాళ్లుంటారు. గడియ లోపలి నుంచి పడాలి. పొడి బట్టలు తగిలించుకోవడానికి రెండు కొక్కేలు, సంచి పెట్టుకోవడానికి మోకాలి ఎత్తులో ఒక పలక. ఈ పలక లేకపోతే సంచి తడి నేల మీద పెట్టాలి, అందుకని గది ఖాళీగా ఉన్నా ఆడవాళ్లు చీర అడ్డం పట్టుకుని బయటే మార్చుకుంటారు. దీపానికి వేరే లైను, దానికి షాకు తగలకుండా కరెంటు ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఈఎల్‌సీబీ. వదిలేసిన బట్టలకు డబ్బా. ఊడ్చే మనిషి. రేకుల్లో రంధ్రాలు, దాచిన కెమెరాలు ఉన్నాయేమోనని రోజుకు రెండుసార్లు తనిఖీ చేసే మహిళా పోలీసు. ఈ పదిహేనింటికీ పదిహేను గడులు, ఒక్కో గడిలో ఒక్క పేరు, ఒక తేదీ. నివేదికలో ఒక్క లైను రాసి సరిపెట్టుకుంటే కొక్కెం ఎవరూ కొట్టరు.

ఇక లేఖకు అసలు కారణం. ప్రతి పని ఎదురుగా నాలుగు గడులు గీయండి: చేసేవారు, జవాబు చెప్పేవారు, అడిగి తీరాల్సినవారు, తెలియజేయాల్సినవారు. చేసేవారు ఎందరైనా ఉండొచ్చు. జవాబు చెప్పేవారు మాత్రం ఒక్కరే. ఇద్దరి పేర్లు రాస్తే ఎవరి పేరూ రాయనట్టే. పదిమంది చేతిలో పాము చావదని మనవాళ్లు ఊరికే అనలేదు. "ఇంజినీరింగ్, పారిశుద్ధ్య విభాగాలు సమన్వయంతో" అని రాసిన ప్రతి వాక్యాన్నీ ఎర్ర పెన్నుతో కొట్టేయండి. ఆ వాక్యం ఉన్నచోటే తర్వాత తిలాపాపం తలా పిడికెడు అవుతుంది. ఆ గడిలో హోదా సరిపోదు. పేరు, ఫోన్ నంబరు, ఆయన లేనప్పుడు ఎవరో ఆ రెండో పేరు కూడా ఉండాలి. బదిలీలు ఆగవు కాబట్టి బదిలీ అయిన అధికారి రిలీవ్ అయ్యే ముందు ఒక పేజీ రాసివ్వాలి: అయినవి, కానివి, నోటిమాటగా ఒప్పుకున్నవి. ఈ మూడోది అన్నిటికన్నా ముఖ్యం. గుత్తేదారుతో ఫోన్లో ఒప్పుకున్న మాట ఏ ఫైల్లోనూ ఉండదు, కొత్త అధికారికి బిల్లు వచ్చాకే తెలుస్తుంది.

మూడో గడిని కూడా తేలిగ్గా తీసుకోవద్దు. అడిగి తీరాల్సినవారి సంఖ్య పెరిగేకొద్దీ పని ఆగుతుంది. ఒక మరుగుదొడ్ల బ్లాకు చోటు మార్చడానికి ఏడుగురి సంతకాలు కావాల్సి వస్తే ఎవరూ మార్చరు, తప్పు చోటే కట్టేస్తారు. ఒక పనికి ఇద్దరు చాలు. మిగతావాళ్లను నాలుగో గడిలోకి పంపండి.

జనరేటరు చూడండి. అద్దెకు తెచ్చేది విద్యుత్తు విభాగం. డీజిలు ఇంకొకరి పద్దు. ఆపరేటరు ఏజెన్సీ మనిషి. లైను కరెంటు నుంచి జనరేటరు మీదకు మార్చే చేంజోవరు స్విచ్ దగ్గర నిలబడాల్సింది ఎవరో ఎక్కడా రాయలేదు. రాత్రి రెండింటికి సరఫరా పోతే జనరేటరు పక్కనే ఉంటుంది, ఘాట్ మాత్రం చీకట్లో ఉంటుంది. మెట్ల మీద తడి కాళ్లతో వందల మంది ఉన్నప్పుడు రెండు నిమిషాల చీకటి చాలు. అందుకే అక్కడ రాయాల్సిన పని "జనరేటరు ఏర్పాటు" కాదు, "కరెంటు పోయిన 30 సెకన్లలో మెట్ల మీద దీపాలు వెలగాలి". ఫలితాన్ని పనిగా రాస్తే డీజిలు, బ్యాటరీ, ఆపరేటరు, స్విచ్ అన్నీ ఒకే పేరు కిందికి వస్తాయి. మెట్ల మీది నాలుగో వంతు దీపాలు బ్యాటరీ మీద నడిస్తే ఆ 30 సెకన్లు కూడా చీకటి ఉండదు.

అన్నిటికన్నా లోతుగా ఆలోచించాల్సింది నీళ్ల సంగతి. దుర్గా ఘాట్, పున్నమి ఘాట్ ప్రకాశం బ్యారేజీకి ఎగువన ఉన్నాయి. బ్యారేజీ నిండి ఉంటే అక్కడ నీళ్లుంటాయి. పద్మావతి ఘాట్, కృష్ణవేణి ఘాట్ దిగువన ఉన్నాయి. డెబ్బై గేట్లూ దించి ఉంటే అక్కడ మెట్ల ముందు మడుగులు, ఇసుకే. వాటికి నీళ్లు కావాలంటే వదలాలి. వెయ్యి క్యూసెక్కులు పన్నెండు రోజులు వదిలితే ఒక టీఎంసీ పైన అవుతుంది. బ్యారేజీలో నిలిచేదే సుమారు 3 టీఎంసీలు. అదే రోజుల్లో డెల్టాలో సార్వా నాట్లు, తూర్పు, పడమర కాలువలు రెండూ నీళ్లడుగుతాయి. అంటే స్నానానికి వదిలే ప్రతి క్యూసెక్కూ ఒక రైతు దగ్గర్నుంచో, ఎగువన సుమారు 85 కిలోమీటర్ల దూరంలోని పులిచింతల ప్రాజెక్టు నుంచో, గోదావరి నీళ్లు ఎత్తిపోసే పట్టిసీమ నుంచో రావాలి. ఈ మూడు తలుపుల దగ్గరా ముగ్గురు వేర్వేరు అధికారులు ఉంటారు. ఘాట్ దగ్గర నీళ్లు తగ్గితే మెట్ల మీది మనిషి ఎవరికి ఫోన్ చేయాలి? ఎన్ని గంటల ముందు చేయాలి? పులిచింతలలో వదిలిన నీళ్లు ఇక్కడికి చేరడానికి గంటలు పడుతుంది కాబట్టి తెల్లవారుజామున నీళ్లు కావాలంటే నిర్ణయం ముందురోజే జరగాలి. ఆ ఫోన్ నంబరు, ఆ గడువు జాబితాలో ఉండాలి.

పట్టిసీమ విషయంలో ఇంకో ముడి ఉంది. 24 పంపులు పూర్తిగా నడిస్తే 8,500 క్యూసెక్కులు. ఆ గోదావరి నీళ్లు పోలవరం కుడి కాలువ మీదుగా వచ్చి, చివర్లో బుడమేరు డైవర్షన్ కాలువలో పడి, పవిత్ర సంగమం దగ్గర కృష్ణలో కలుస్తాయి. బుడమేరు వరద నీరు పోవాల్సిన దారి కూడా అదే. 2024 సెప్టెంబరు మొదట్లో ఆ కాలువకు గండ్లు పడినప్పుడు సింగ్‌నగర్ ఎలా మునిగిందో ఊరంతటికీ గుర్తుంది. ఘాట్లకు నీళ్లు చాలవని పంపులు నడుపుతున్న రోజునే మైలవరం వైపు కుండపోత పడితే, పంపులు ఆపమని చెప్పే అధికారం ఎవరిది? ఎంత వాన పడితే ఆపాలి? ఆపినట్టు విజయవాడ ఘాట్లకు ఎవరు చెప్పాలి? ఇవి మూడు ప్రశ్నలు, ముగ్గురు మనుషులు. ఆ ముగ్గురి పేర్లూ వాన రాకముందే రాసి ఉండాలి.

తక్కువైనా కష్టమే, ఎక్కువైనా కష్టమే. బ్యారేజీ వద్ద మొదటి ప్రమాద హెచ్చరిక 3.97 లక్షల క్యూసెక్కులకు ఎగరేస్తారు. కానీ స్నానానికి వచ్చినవాళ్లకు ప్రమాదం దానికి చాలా ముందే మొదలవుతుంది, పై మెట్టు దాకా నీళ్లొస్తే నిలబడే చోటే పోతుంది. 2009 అక్టోబరులో 11 లక్షల క్యూసెక్కులు, 2024లో 11.4 లక్షలు చూసిన నది ఇది. అందుకని ఒక చిన్న పని చేయించండి. దిగువ ఘాట్లలో ప్రతి మెట్టుకూ లెవెల్ తీసి, ఎన్ని క్యూసెక్కులు వదిలితే నీళ్లు ఆ మెట్టు తాకుతాయో మెట్టు పక్కన రంగుతో రాయించండి. ఒక సర్వేయరు, ఒక పెయింటరు, ఒక వారం. ఆ తర్వాత బ్యారేజీ కంట్రోల్ రూమ్ నుంచి అంకె వినగానే ఏ మెట్టు వరకు తాళ్లు లాగాలో ఘాట్ అధికారికి ఎవరూ విడమరచి చెప్పక్కర్లేదు. అంకె చెప్పే బాధ్యత జలవనరుల శాఖలో ఒకరిది, తాళ్లు లాగించే బాధ్యత ఘాట్ అధికారిది. ఆయన ఎవరి అనుమతి కోసమూ ఆగకూడదు.

ఇక జనం లెక్క. వంద మీటర్ల ఘాట్ తీసుకోండి. మనిషికి 60 సెంటీమీటర్లు, మూడు వరుసలు, అంటే ఒకేసారి 500 మంది. ఒక్కొక్కరికి 15 నిమిషాలు. గంటకు రెండు వేల మంది స్నానం చేయగలరు. నది దగ్గర ఇబ్బంది లేదు. ఇప్పుడు గదుల దగ్గరికి రండి. ఒకరికి ఐదు నిమిషాలు పడితే ఒక గది గంటకు 12 మందికి సరిపోతుంది. ఆ రెండు వేలలో వెయ్యి మంది ఆడవాళ్లు, వాళ్లలో సగం మందే గది వాడుకుంటారనుకున్నా 42 గదులు కావాలి. ఇరవై గదులుంటే 240 మందే తెమలుతారు, మిగతావాళ్లు తడి బట్టలతో మెట్ల మీదే నిలబడతారు, వెనకనుంచి వచ్చేవాళ్లు వాళ్లను తోస్తారు. తొక్కిడి నీళ్ల దగ్గర పుట్టినట్టు కనిపిస్తుంది, దాని వేరు గదుల లైనులో ఉంటుంది. అందుకే ఏ అంకె అయినా విడిగా ఖరారు చేయకండి. మెట్లు, గదులు, బయటికి దారి మూడూ గంటకు ఒకే సంఖ్యను దాటించగలగాలి. మూడింటిలో ఏది తక్కువో ఘాట్ సామర్థ్యం అంతే, గేటు దగ్గర లోపలికి వదలాల్సింది కూడా అంతే.

2015 జూలై 14న గోదావరి పుష్కరాల తొలి రోజే రాజమహేంద్రవరంలో పుష్కర ఘాట్ తొక్కిసలాటలో 27 మంది ప్రాణాలు పోయాయి. అది తలుచుకున్నప్పుడల్లా మాకు జాబితాలో ఒకే గడి కనిపిస్తుంది: "ఇక లోపలికి వదలొద్దు" అనే మాట ఎవరు అనాలి? ప్రతి ఘాట్‌కీ ఆ మాట అనే హక్కు ఒక్క అధికారికి, ఒక్కో షిఫ్టుకు ఒక్కరికి, రాతపూర్వకంగా ఇవ్వండి. పైవాళ్లకు ఫోన్ చేసి అనుమతి తీసుకునే పద్ధతి అక్కడ పనికిరాదు. ఎప్పుడు ఆపాలో కంటి అంచనాకు వదలొద్దు. నడకదారి నేల మీద రెండు మీటర్లకు రెండు మీటర్ల తెల్ల గడులు గీయించండి. కెమెరాలో చూసే మనిషి ఒక గడిలో 16 తలలు లెక్కపెట్టాడంటే చదరపు మీటరుకు నలుగురున్నట్టు. గేటు అక్కడ మూయాలి. ఆరుగురికి చేరాక మూస్తే జనాన్ని ఎవరూ అదుపు చేయలేరు. గేటు మూసినప్పుడు వెనక నిలిచినవాళ్లకు నీడ, నీళ్లు, మైకులో నిజమైన సమాచారం కావాలి. మైకు ఒకరి చేతిలోనే ఉండాలి. ప్రముఖుల స్నానానికి విడిగా ఒక చోటు, ఒక వేళ ముందే రాసిపెట్టండి. వాళ్ల కోసం సామాన్యుల గేటు మూసే అధికారం మాత్రం ఏ గడిలోనూ రాయొద్దు.

కాలెండరు వెనక్కి గీయాలి. పండితులు ముహూర్తం ప్రకటించిన రోజును సున్నాగా పెట్టుకోండి. నీళ్లలోపలి మెట్ల పని నది తగ్గినప్పుడే కుదురుతుంది కాబట్టి చేతిలో ఉన్నవి 2027 వేసవి, 2028 వేసవి. కష్టమైన సివిల్ పని మొదటి వేసవిలోనే పెట్టండి, రెండోది మరమ్మతులకు ఉంచండి. కాంక్రీటుకు పూర్తి బలం రావడానికి 28 రోజులు, దాన్ని ఏ సమీక్షా తగ్గించలేదు. మెట్లకు నునుపు గ్రానైటు వేయొద్దు, నాచు పట్టాక దాని మీద కాలు నిలవదు. మంటతో గరుకు చేసిన రాయే వేయండి. పరిపాలనా అనుమతి, సాంకేతిక అనుమతి, టెండరు, అగ్రిమెంటు, సైటు అప్పగింత ఒక్కోటీ ఒక్కో పని, ఒక్కో పేరు. ఆలస్యం ఎక్కువగా ఈ కాగితాల దగ్గరే అవుతుంది. తీరా తాపీ మేస్త్రీ మీదకు తోస్తారు. అన్ని పనులకూ "పుష్కరాలకు ముందురోజు" అనే గడువు పెడితే చివరి వారంలో ఒకే ఘాట్‌లో పెయింటరు, ఎలక్ట్రీషియన్, ప్లంబరు ఒకరి కాళ్లు ఒకరు తొక్కుకుంటారు. నీళ్లు, కరెంటు 60 రోజుల ముందు, ఘాట్ అప్పగింత 45 రోజుల ముందు, మొదటి పూర్తి రిహార్సల్ 30 రోజుల ముందు, రెండోది 15 రోజుల ముందు. ఆఖరి వారంలో కొత్త పని ఏదీ మొదలుపెట్టొద్దు. వానల కోసం ప్రతి బయటి పనికీ ఐదో వంతు రోజులు అదనంగా వేసుకోండి.

రిహార్సల్‌కు వేరే జనాన్ని తేనక్కర్లేదు. ఇంద్రకీలాద్రి మీద దసరాలో మూలా నక్షత్రం రోజున, ఆ తర్వాత భవానీ దీక్షల విరమణ రోజుల్లో వచ్చే జనమే చాలు. 2027లో ఆ రెండు సందర్భాల్లో దుర్గా ఘాట్ గేట్లు, తెల్ల గడులు, మైకు, అధికారుల ఫోన్ జాబితా నిజంగా వాడి చూడండి. అదే ఏడాది గోదావరి పుష్కరాలు కూడా వస్తాయి. ఒక్కో ఘాట్ అధికారిగా వేయబోయే వ్యక్తిని నాలుగు రోజులు అక్కడికి పంపి, గేటు దగ్గర నిలబెట్టండి. తిరిగొచ్చాక వాళ్లు చెప్పే మార్పులను జాబితాలో ఎక్కించడానికి ఒకరి పేరు రాయండి.

మనుషుల లెక్కలో ఒక తప్పు తరచూ దొర్లుతుంది. ఒక చోట ఇరవై నాలుగు గంటలూ ఒక మనిషి ఉండాలంటే ముగ్గురు చాలరు, నలుగురు కావాలి. జబ్బు, సెలవు, అలసట కలిపితేనే లెక్క సరిపోతుంది. 40 సీట్ల మరుగుదొడ్ల బ్లాకుకు పది సీట్లకొకరు చొప్పున నాలుగు స్థానాలు, అంటే 16 మంది. గజ ఈతగాళ్లను రెండు గంటలకు మించి చూపు పెట్టి నిలబెట్టొద్దు, తర్వాత గంట విశ్రాంతి ఇవ్వండి. అంటే రెండు చోట్లకు ముగ్గురు. షిఫ్టులు ఉదయం ఆరింటికి మారేలా పెట్టడం మామూలు అలవాటు. పుష్కరాల్లో తెల్లవారుజామునే జనం ముమ్మరం, సరిగ్గా అప్పుడే కాపలా మారుతుంది. తెల్లవారుజామున మూడింటికి, పగలు పదకొండింటికి, రాత్రి ఏడింటికి మార్చండి. పదిహేను నిమిషాలు ఇద్దరూ కలిసి ఉండాలి, రిజిస్టరులో ఇద్దరి సంతకాలూ ఉండాలి.

పారిశుద్ధ్య కార్మికుల గురించి ప్రత్యేకంగా అడుగుతున్నాం. వేరే ఊళ్ల మున్సిపాలిటీల నుంచి వందలమందిని బస్సుల్లో తెస్తారు, వాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లే. వాళ్లెక్కడ పడుకుంటారు? వాళ్లకు మరుగుదొడ్డి ఏది? రాత్రి ఏడింటికి షిఫ్టు దిగిన అమ్మకు అన్నం ఎవరు, ఎక్కడ పెడతారు? బూట్లు ఏ సైజులు? అందరికీ తొమ్మిదో నంబరు బూట్లు వస్తే ఆడవాళ్లు వాటిని పక్కన పడేసి తడిలో ఉట్టి కాళ్లతో తిరుగుతారు, మూడో రోజుకు పుండ్లు పడతాయి. రోజు భత్యం ఏ పూట చేతికి అందుతుంది? ఇవన్నీ "సంక్షేమం" అని ఒక పేరాలో రాసి వదిలేసే విషయాలు కావు. ఒక్కోదానికి పేరు, తేదీ కావాలి. ఊరు శుభ్రంగా ఉండేది వాళ్ల చేతుల మీద. వాళ్ల గడులు ఖాళీగా ఉంటే మిగతా జాబితా ఎంత బాగున్నా అది పూర్తయినట్టు కాదు.

తాగునీటిలో నింపేవాడు, పరీక్షించేవాడు ఒకరే కాకూడదు. పదివేల లీటర్ల ట్యాంకరుకు లీటరుకు 2 మిల్లీగ్రాముల చొప్పున 20 గ్రాముల క్లోరిన్ కావాలి. 25 శాతం బలమున్న బ్లీచింగ్ పౌడరైతే 80 గ్రాములు. ఎండలో తెరిచి పెట్టిన బస్తా బలం తగ్గిపోతుంది, అప్పుడు 80 గ్రాములు వేసినా ఫలితం ఉండదు. పౌడరును ముద్దగా కలిపి, తేర్చిన నీళ్లే ట్యాంకరులో పోయాలి, అరగంట ఆగాలి. ఘాట్‌లో కుళాయి దగ్గర ఇంకో మనిషి నీళ్లలో క్లోరిన్ ఎంతుందో చూపే క్లోరోస్కోపుతో చూడాలి. లీటరుకు 0.2 మిల్లీగ్రాములకు తక్కువుంటే ఆ ట్యాంకరును వెనక్కి పంపే హక్కు ఆ మనిషికి ఉండాలి. ఆ హక్కు లేని పరీక్ష రిజిస్టరు నింపడానికే పనికొస్తుంది.

పనులు నడుస్తున్నప్పుడు సమీక్షల్లో "తొంభై శాతం అయింది" అనే మాట ఒప్పుకోకండి. తొంభై దగ్గర పనులు నెలల తరబడి నిలబడతాయి. అయింది, కాలేదు, ఆగింది, ఈ మూడే సమాధానాలు. ఆగిందంటే ఎవరి దగ్గర ఆగిందో పేరు చెప్పాలి. చెప్పినవాళ్లను కోప్పడకండి. ఒకసారి కోప్పడితే ఆ మర్నాటి నుంచి అందరి పనులూ అయిపోయినట్టే వినిపిస్తాయి. నిర్ణయాలన్నీ ఒకే పుస్తకంలో తేదీతో రాయించండి. వాట్సాప్ గ్రూపుల్లో ఇచ్చిన ఆదేశాలు సాయంత్రంకల్లా ఆ పుస్తకంలోకి ఎక్కాలి.

చివరగా పదమూడో రోజు. ఇల్లు అలకగానే పండుగ కాదంటారు, పండుగ అయిపోగానే ఇల్లు సర్దుకోదు కూడా. షెడ్ల మేకులు, తెగిన వైర్లు, మెట్ల మధ్య ఇరుక్కున్న చీరలు, పిండాల ఆకులు, రేకుల కుప్పలు ఎవరు ఎన్ని రోజుల్లో తీస్తారో అదే జాబితాలో ఉండాలి. గుంతలు పూడ్చి, మీటర్లు విప్పి, బిల్లులకు ఆధారమైన ఎం-బుక్‌లో (కొలతల పుస్తకంలో) కొలతలు రాసి, కార్మికుల బకాయిలు తీర్చాకే ఘాట్ అధికారిని రిలీవ్ చేయండి. జాబితా, మెట్ల మీది అంకెలు, గంటకు ఎంతమంది దాటారో ఆ లెక్కలు, చేసిన తప్పులతో సహా అన్నీ ఒక ప్రతి తీసి జిల్లా రికార్డు గదిలో 2040 పేరు రాసి భద్రపరచండి.

మీరు పిలిస్తే ఏ ఘాట్‌కైనా వచ్చి, టేపు పట్టుకుని, పెన్నూ కాగితంతో మొదటి జాబితా మీతో కూర్చుని రాయడానికి మేం సిద్ధం. పద్మావతి ఘాట్ గదులతోనే మొదలుపెడదాం.

ఇట్లు,
ఘాట్ల నిర్మాణం, నీటి సరఫరా, విద్యుత్తు, పారిశుద్ధ్య పనుల్లో ఉన్న కొందరం
విజయవాడ